తేదీ తగువులో ఓటరు



2008 జనవరి 29, మంగళవారం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో డెమోక్రటిక్ పార్టీ ఓటర్లు దాదాపు 17 లక్షల 50 వేల మంది ఓటు వేశారు. అధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో చెప్పే ఓటు అది. హిల్లరీ క్లింటన్‌కు సుమారు సగం ఓట్లు పడ్డాయి, బరాక్ ఒబామాకు మూడో వంతు, జాన్ ఎడ్వర్డ్స్‌కు 14 శాతం. ఫ్లోరిడా పెద్ద రాష్ట్రం. ఈ ఓట్లను బట్టి పార్టీ జాతీయ మహాసభకు 185 మంది ప్రతినిధులు వెళ్లాలి. అయినా ఆ రాత్రి లెక్క తేలాక ముగ్గురిలో ఎవరికీ ఒక్క ప్రతినిధి కూడా దక్కలేదు. దొంగ ఓట్ల ఫిర్యాదు ఏదీ దీనికి కారణం కాదు, యంత్రాలు మొరాయించడమూ కారణం కాదు. పార్టీ జాతీయ కమిటీ ఒప్పుకున్న గడువుకన్నా వారం రోజుల ముందు ఆ ఎన్నిక జరిగింది. దానికి ఆ కమిటీ వేసిన శిక్ష ఇది.

ఆ తేదీని ఓటర్లు పెట్టలేదు. వాళ్లను ఎవరూ అడగనూ లేదు. ఈ విషయం గురించే ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నాను. అమెరికాలో రాష్ట్రాలకూ పార్టీల జాతీయ కమిటీలకూ మధ్య ప్రైమరీ తేదీల మీద అర్ధ శతాబ్దంగా పోరు నడుస్తూనే ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకు అది క్యాలెండరు మీద కీచులాటలా కనిపిస్తుంది. కానీ ఏ రోజున వేసిన ఓటుకు ఎంత విలువ అన్నది తేల్చేది ఆ పోరే.

ముందు ఏర్పాటు ఏమిటో చూద్దాం. మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం చెబుతుంది, పోలింగ్ ఎప్పుడన్నది ఎన్నికల సంఘం చెబుతుంది. అమెరికాలో టికెట్ ఎవరికన్నది జనమే ఓటేసి తేలుస్తారు. ఆ ఓటింగే ప్రైమరీ. కొన్ని రాష్ట్రాల్లో పార్టీవాళ్లు ఊళ్లో ఏ బడిలోనో చర్చిలోనో ఒకచోట చేరి, మాట్లాడుకుని, ఎవరి పక్షాన ఎందరో లెక్క చూసుకుంటారు. దాన్ని కాకస్ అంటారు. ఇవన్నీ ఒక్క రోజున జరగవు. చలికాలంలో మొదలై జూన్ దాకా రాష్ట్రం వెంట రాష్ట్రంగా సాగుతాయి. ప్రతి రాష్ట్రం నుంచీ కొందరు ప్రతినిధులు మహాసభకు వెళ్తారు. అక్కడ సగానికి మించి ప్రతినిధులు ఎవరి వెనుక నిలబడితే వాళ్లే పార్టీ అభ్యర్థి.

ఇంత సుదీర్ఘమైన వ్యవహారానికి తేదీలన్నీ ఒకచోట కూర్చుని ఖరారు చేసే అధికారి అక్కడ లేరు. అమెరికా రాజ్యాంగంలో పార్టీల ఊసే లేదు, ప్రైమరీల మాట అసలే లేదు. చాలా రాష్ట్రాల్లో ప్రైమరీ తేదీని శాసనసభ చట్టం ద్వారా పెడుతుంది. పోలింగ్ కేంద్రాలు, సిబ్బంది, లెక్కింపు, ఖర్చు అన్నీ ప్రభుత్వానివే. అయితే ఏ తేదీకి ముందు జరిగిన ప్రైమరీని గుర్తించకూడదో పార్టీ జాతీయ కమిటీ తన నియమావళిలో రాసుకుంటుంది. పందిరి వేసి వంటలు వండేది ఒకరు, పంక్తిలో ఎవరిని కూర్చోనివ్వాలో చెప్పేది మరొకరు అన్నట్టుంటుంది. ఇద్దరి మాటా కలిసిన ఏడు ఏ గొడవా ఉండదు. కలవని ఏడు చిక్కంతా ఓటరుకే.

మొదటి వరసలో ఉండాలని రాష్ట్రాలు ఎందుకంత తహతహలాడతాయి? దీనికి 1968 దాకా వెనక్కి వెళ్లాలి. ఆ ఏడు డెమోక్రటిక్ పార్టీ షికాగోలో మహాసభ జరిపి హ్యూబర్ట్ హంఫ్రీని అభ్యర్థిగా నిలబెట్టింది. ఆయన ప్రైమరీలలో పోటీయే చేయలేదు. రాష్ట్రాల్లో పార్టీ పెద్దలు తమ చేతిలోని ప్రతినిధులను ఆయనకు అప్పగించారు. సభ లోపల కేకలు, బయట వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన యువకుల మీద పోలీసుల లాఠీలు. ఆ అవమానం తర్వాత జార్జ్ మెక్‌గవర్న్ నాయకత్వాన ఒక సంఘం కూర్చుని, ప్రతినిధుల ఎంపికలో సామాన్య ఓటరుకు చోటు ఉండాలని నియమాలు రాసింది. ఆ నియమాలకు సరిపడటానికి చాలా రాష్ట్రాలు ప్రైమరీల దారి పట్టాయి. పెద్దల చేతిలోంచి జనం చేతికి అధికారం వచ్చింది. దానితోపాటు ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న ప్రశ్నా వచ్చింది.

1976లో జిమ్మీ కార్టర్ ఆ ప్రశ్నకు విలువ ఎంతో చూపించారు. జార్జియా రాష్ట్ర మాజీ గవర్నరుగా తప్ప దేశంలో పెద్దగా ఎవరికీ తెలియని మనిషి. అయోవాలో ఇంటింటికీ తిరిగి, అక్కడి కాకస్‌లో తక్కిన అభ్యర్థులందరి కన్నా పైన నిలిచి, ఆ తర్వాత న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ గెలిచారు. పత్రికలు వెంటపడ్డాయి, విరాళాలు వచ్చాయి, అధ్యక్షుడయ్యారు. అప్పటినుంచి ఆ రెండు చిన్న రాష్ట్రాలకూ వరస కట్టని అభ్యర్థి అరుదు. అయోవాలో మొక్కజొన్న పండుతుంది, మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీస్తారు. అందుకని అధ్యక్ష పదవి కోరిన దాదాపు ప్రతి నాయకుడూ ఇథనాల్‌కు జై కొట్టవలసి వచ్చింది. ఆ రాయితీలను వ్యతిరేకించిన జాన్ మెకేన్ 2000లో అయోవాను వదిలేసుకుని న్యూ హాంప్‌షైర్ మీదే దృష్టి పెట్టారు. మరి డెట్రాయిట్‌లో మూతపడిన కార్ల ఫ్యాక్టరీ కార్మికుడి సమస్య మీద అంతే శ్రద్ధగా మాట్లాడాలని ఎవరికి అనిపిస్తుంది? మిషిగన్ సెనేటర్ కార్ల్ లెవిన్ ఏళ్ల తరబడి ఇదే ప్రశ్న వేశారు. ఆ ప్రశ్న న్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతాను.

న్యూ హాంప్‌షైర్ పట్టుదల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జనాభా సుమారు 14 లక్షలు. 1920 నుంచి దేశంలో తొలి ప్రైమరీ అక్కడే జరుగుతోంది. 1975లో ఆ స్థానానికి చట్టపు కంచె వేసుకున్నారు. ఇలాంటి ఎన్నిక మరే రాష్ట్రంలో జరిగినా, దానికి కనీసం ఏడు రోజుల ముందు తమ ప్రైమరీ జరగాలి, ఆ తేదీని ఎన్నికలు చూసే రాష్ట్ర అధికారే ఎంచుకోవాలి అన్నది, తర్వాతి సవరణలతో కలిపి, దాని సారం. ఆ అధికారి పదవిలో బిల్ గార్డ్‌నర్ 1976 నుంచి 2022 ఆరంభం దాకా, అంటే దాదాపు 45 ఏళ్లు ఉన్నారు. ఇతర రాష్ట్రాలు తేదీలు ప్రకటించేదాకా ఆయన నోరు విప్పేవారు కాదు. 2011లో నెవాడా తన కాకస్‌ను జనవరి 14కు జరిపినప్పుడు, అవసరమైతే మేం డిసెంబరులోనే ప్రైమరీ పెట్టేస్తామని హెచ్చరించారు. అంటే ఎన్నికల సంవత్సరం రాకముందే ఎన్నిక. చివరికి నెవాడా ఫిబ్రవరికి తగ్గింది. ఒక్క మనిషి, ఒక్క చట్టం, పక్కన దేశం మొత్తం క్యాలెండరు. అభ్యర్థులను వంటగదిలో కూర్చోబెట్టి మాట్లాడించే ఆ చిన్న రాష్ట్రపు సంప్రదాయం మీద నాకు గౌరవం ఉంది. డబ్బు లేని అభ్యర్థికి అక్కడ నిజంగానే ఒక అవకాశం దొరుకుతుంది. కానీ ఒకే రాష్ట్రం వందేళ్లుగా ముందుండాలన్న హక్కును ఆ గౌరవం మీద నిలబెట్టలేం.

మరి రాష్ట్ర చట్టం గొప్పదా, పార్టీ నియమం గొప్పదా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1972లో షికాగో మేయర్ డేలీ వర్గం ప్రతినిధులు 59 మందిని పార్టీ మహాసభ కూర్చోనివ్వలేదు. వాళ్లు రాష్ట్ర కోర్టు ఉత్తర్వుతో వచ్చినా లాభం లేకపోయింది. 1975లో సుప్రీంకోర్టు పార్టీ పక్షాన నిలిచింది. ఆ తర్వాత విస్కాన్సిన్ కేసు. ఆ రాష్ట్రంలో పార్టీ సభ్యత్వంతో పని లేకుండా ఎవరైనా ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటు వేయవచ్చు. జాతీయ డెమోక్రటిక్ పార్టీ అది కుదరదంది. 1981లో కోర్టు చెప్పిన తీర్పు ఇది: రాష్ట్రం తనకు నచ్చినట్టు ప్రైమరీ జరుపుకోవచ్చు, కానీ ఆ ఫలితాన్ని అంగీకరించమని జాతీయ పార్టీని బలవంతపెట్టలేదు. పార్టీ అన్నది పౌరులు స్వేచ్ఛగా కూడిన సంఘం, ఆ కూడికకు రాజ్యాంగ రక్షణ ఉంది. ఆ కేసులో విస్కాన్సిన్ పక్షాన ఉన్న అటార్నీ జనరల్ పేరు బ్రాన్సన్ లా ఫాలెట్. పార్టీ పెద్దల పెత్తనం మీద పోరాడి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ రాష్ట్రానికి ప్రైమరీ చట్టం తెచ్చిన రాబర్ట్ లా ఫాలెట్‌కు ఆయన మనవడు. తాత తెచ్చిన పద్ధతిని మనవడు కోర్టులో కాపాడుకోలేకపోయారు.

తీర్పు స్పష్టంగానే ఉంది. కానీ అది తగువు తీర్చలేదు, తగువుకు సరిహద్దు గీసింది, అంతే. పోలింగ్ కేంద్రం తలుపు రాష్ట్రం చేతిలో, మహాసభ తలుపు పార్టీ చేతిలో. ఒకరి తలుపును మరొకరు తెరిపించలేరు. పార్టీకి మిగిలిన ఆయుధం ఒక్కటే, ఆ రాష్ట్రపు ప్రతినిధులను బయట నిలబెట్టడం. 2008లో ఆ ఆయుధం ఎవరిని కోసిందో చూడండి.

ఆ ఎన్నికకు డెమోక్రటిక్ జాతీయ కమిటీ పెట్టిన నియమం ప్రకారం అయోవా, న్యూ హాంప్‌షైర్, నెవాడా, సౌత్ కరోలినా తప్ప మరే రాష్ట్రమూ ఫిబ్రవరి 5కు ముందు ప్రైమరీ పెట్టకూడదు. ఫ్లోరిడా శాసనసభలో అప్పుడు రిపబ్లికన్లది మెజారిటీ, గవర్నరు చార్లీ క్రిస్ట్ కూడా రిపబ్లికనే. 2007 మేలో తేదీని జనవరి 29కి జరిపే చట్టం తెచ్చారు. శాసనసభలోని డెమోక్రట్లు కూడా ఎక్కువమంది దానికే ఓటు వేశారు. ఎందుకంటే ఓటింగ్ యంత్రాలకు కాగితపు రుజువు ఉండాలన్న నిబంధనా అదే బిల్లులో ఉంది. 2000లో ఓట్ల లెక్క కోసం దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది ఆ రాష్ట్రం వైపే. అలాంటిచోట కాగితం వద్దని ఏ డెమోక్రట్ అనగలరు? జాతీయ కమిటీ మాత్రం, మీవాళ్లు ఆ తేదీని మనస్ఫూర్తిగా అడ్డుకోలేదు అంది. ఆగస్టులో ఫ్లోరిడా ప్రతినిధులందరినీ రద్దు చేసింది. జనవరి 15కు ప్రైమరీ పెట్టుకున్న మిషిగన్‌కూ డిసెంబరులో అదే శిక్ష పడింది. పార్టీ అధ్యక్షుడు హోవార్డ్ డీన్ వాదన ఒక్కటే, నియమం అంటే నియమం. సెనేటర్ బిల్ నెల్సన్, కాంగ్రెస్ సభ్యుడు ఆల్సీ హేస్టింగ్స్ కోర్టుకు వెళ్లారు, కేసు కొట్టేశారు.

అభ్యర్థులు కూడా ఆ రెండు రాష్ట్రాల్లో ప్రచారం చేయమని మాట ఇచ్చారు. ఒబామా, ఎడ్వర్డ్స్, బైడెన్, రిచర్డ్‌సన్ మిషిగన్ బ్యాలట్ నుంచి తమ పేర్లే తీయించుకున్నారు. క్లింటన్ పేరు ఉండిపోయింది. మిషిగన్ ఓటరు పోలింగ్ కేంద్రానికి వెళ్లి చూస్తే, దేశమంతా మాట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకరే బ్యాలట్ మీద ఉన్నారు. క్లింటన్‌కు 55 శాతం వచ్చాయి. ఎవరికీ కట్టుబడం అన్న గడికి 40 శాతం పడ్డాయి. సుమారు రెండు లక్షల నలభై వేల మంది మంచు పడే జనవరిలో వెళ్లి ఏ పేరూ లేని గడిని ఎంచుకున్నారు. ఫ్లోరిడాలో ఆస్తి పన్ను మీద రాజ్యాంగ సవరణ కూడా అదే రోజు ఓటుకు వచ్చింది గనుక జనం మరింతగా కదిలారు. లెక్కలోకి రాదని చెప్పినా ఆ రాష్ట్రంలో ఆ పార్టీ ప్రైమరీకి అంతమంది రావడం విశేషం.

ఫిబ్రవరి 5న ఇరవైకి పైగా రాష్ట్రాలు ఓటేశాయి. అప్పటికి కూడా క్లింటనా, ఒబామానా అన్నది తేలలేదు. మార్చి వచ్చేసరికి ఒక్కొక్క ప్రతినిధికీ ఎక్కడలేని విలువ వచ్చింది. అప్పుడు అందరికీ ఫ్లోరిడా, మిషిగన్ గుర్తుకొచ్చాయి. మళ్లీ ఓటింగ్ పెడదామన్నారు. ఫ్లోరిడాలో పోస్టు ద్వారా, మిషిగన్‌లో జూన్‌లో మరోసారి. డబ్బెవరిది, చట్టం ఒప్పుకుంటుందా, ఎవరికి లాభం అన్న మూడు ప్రశ్నల దగ్గర రెండూ ఆగిపోయాయి.

మే 31న వాషింగ్టన్‌లోని ఒక హోటల్లో పార్టీ నియమావళి సంఘం కూర్చుంది. బయట నినాదాలు, లోపల టీవీ కెమెరాలు. ఆ సంఘంలోని ముప్పై మందిలో పదమూడు మంది క్లింటన్‌ను, ఎనిమిది మంది ఒబామాను సమర్థిస్తున్నవాళ్లు. ఆరోజు తీర్పు ఇది: రెండు రాష్ట్రాల ప్రతినిధులూ వస్తారు, కానీ ఒక్కొక్కరికీ అర ఓటే. ఫ్లోరిడా సంగతిలో అందరూ ఒక్కటయ్యారు. మిషిగన్ దగ్గర తెగలేదు. బ్యాలట్ మీద పేరే లేని ఒబామాకు ఎన్ని ఇవ్వాలి? రాష్ట్ర పార్టీ క్లింటన్‌కు 69, ఒబామాకు 59 అని ఒక అంచనా వేసి తెచ్చింది. అది ఓటు లెక్క కాదు, ఊహ. క్లింటన్ పక్షాన హెరాల్డ్ ఇక్స్ మండిపడ్డారు. ఇది ఓటర్ల తీర్పును లాక్కోవడం అన్నారు. అదే ఇక్స్ అంతకుముందు ఆగస్టులో, ఆ సంఘంలో సభ్యుడిగా, ప్రతినిధులను రద్దు చేయడానికి ఓటు వేసినవారు. ఆయన ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆట సగం అయ్యాక నియమం మీద తీర్పు చెప్పమంటే, ఏ తీర్పు వల్ల ఎవరు గెలుస్తారో అందరికీ తెలిసిపోయి ఉంటుంది. అలాంటప్పుడు తటస్థంగా ఉండటం ఎవరికైనా కష్టం. ఆ అంచనాను 19 మంది ఒప్పుకున్నారు, 8 మంది కాదన్నారు. మూడు రోజుల తర్వాత ఒబామా అభ్యర్థిత్వం ఖాయమైంది. ఆగస్టులో డెన్వర్ మహాసభలో రెండు రాష్ట్రాలకూ పూర్తి ఓట్లు తిరిగి ఇచ్చేశారు, అప్పటికి ఆ ఓట్లతో మారేదేమీ లేదు.

అదే ఏడు రిపబ్లికన్ పార్టీ మరో పద్ధతి పాటించింది. ముందుకు దూకిన రాష్ట్రాలకు సగం ప్రతినిధులను కోసేసింది. ఫ్లోరిడాకు 114లో 57 మిగిలాయి. కానీ న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జూలియానీ ఆశలన్నీ ఆ రాష్ట్రం మీదే పెట్టుకున్నారు. మూడో స్థానంలోకి జారి మర్నాడే పోటీ నుంచి తప్పుకున్నారు. అక్కడ గెలిచిన మెకేన్ అభ్యర్థి అయ్యారు. ప్రతినిధులు సగమైనా ప్రభావం మాత్రం నిండుగా దక్కింది. అది చూశాక ఫ్లోరిడా 2012లో మళ్లీ జనవరి 31కి వెళ్లిందంటే ఆశ్చర్యం ఏముంది? మళ్లీ కోత, 99 కాస్తా 50. మిట్ రామ్నీ ఆ యాభైనీ గెలిచి మిగతావాళ్లను వెనక్కి నెట్టారు. ఆ తర్వాతే రిపబ్లికన్లు శిక్షను బాగా బిగించారు. ముందుకు జరిగిన పెద్ద రాష్ట్రానికి పన్నెండు మంది ప్రతినిధులే మిగులుతారు. 2016లో ఫ్లోరిడా మార్చి 15కు వెళ్లింది. భయం పనిచేసింది. ఒప్పుకోవాలి.

2024లో కథ తిరగబడింది. ఈసారి పాత వరసను మార్చాలని చూసింది జాతీయ పార్టీయే, అదీ అధ్యక్షుడి మాట మీద. 2020లో అయోవా కాకస్ ఫలితాలు రోజుల తరబడి తేలక పార్టీ పరువు పోయింది. ఆ ఏడు జో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఆయనను నిలబెట్టింది నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉన్న సౌత్ కరోలినా. కాబట్టి ఆయన సౌత్ కరోలినా ముందు ఉండాలని ప్రతిపాదించారు. 2023 ఫిబ్రవరిలో కమిటీ ఆమోదించింది. పార్టీకి వెన్నెముకలాంటి ఓటర్లకు మొదటి మాట దక్కాలన్న ఉద్దేశం మంచిదే. ఆ క్రమం ఆయనకు అనుకూలమైనదీ అవునని ఎవరికైనా కనిపిస్తుంది.

న్యూ హాంప్‌షైర్ మాత్రం మా చట్టం మాకుంది అంది. జనవరి 23న ప్రైమరీ పెట్టింది. బైడెన్ పేరు బ్యాలట్ మీద పెట్టుకోలేదు. ఆ ఎన్నికకు అర్థం లేదని ఓటర్లకు చెప్పమంటూ జాతీయ పార్టీ సంఘం రాష్ట్ర శాఖకు ఉత్తరం రాసింది. ఆ మాట ఓటర్లను నిరుత్సాహపరచడమే, ఆపండి అంటూ రాష్ట్ర అటార్నీ జనరల్ తిరిగి నోటీసు పంపారు. ఆయన పార్టీ ఏదైనా, ఆ ఒక్క విషయంలో ఆయన పక్షమే నాది. పోలింగ్ కేంద్రానికి బయలుదేరిన మనిషితో నీ ఓటుకు అర్థం లేదని ఏ పార్టీ అయినా ఎలా అనగలదు? చివరికి ఓటర్లే బైడెన్ పేరును చేత్తో రాసి ఆయనకు దాదాపు 64 శాతం ఓట్లు ఇచ్చారు. వసంతంలో రాజీ కుదిరి ఆ రాష్ట్ర ప్రతినిధులకు షికాగో మహాసభలో చోటు దొరికింది.

తతిమ్మా రాష్ట్రాల్లో ఏం జరిగిందో చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో తీరు. జార్జియాను ఫిబ్రవరికి తేవాలని డెమోక్రట్లు కోరుకున్నారు. అక్కడ తేదీ పెట్టే అధికారం రిపబ్లికన్ అయిన బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌ది. ఆయన మార్చి 12 అన్నారు, అంతటితో ఆ ముచ్చట ముగిసింది. మిషిగన్‌లో డెమోక్రట్లదే ప్రభుత్వం కనుక ఫిబ్రవరి 27కు మార్చుకోగలిగారు. రిపబ్లికన్లు సహకరించకపోవడంతో, ఆ చట్టం సమయానికి అమలులోకి రావాలని శాసనసభ సమావేశాలనే నవంబరు మధ్యలో ముగించేశారు. అయితే ఆ తేదీ రిపబ్లికన్ జాతీయ నియమానికి విరుద్ధం. శిక్ష తప్పించుకోవడానికి అక్కడి రిపబ్లికన్ పార్టీ తన 55 మంది ప్రతినిధులలో 16 మందిని మాత్రమే ప్రైమరీకి వదిలి, తక్కిన 39 మందిని మార్చి 2న పార్టీ సమావేశంలో కేటాయించుకుంది. అంటే లక్షల మంది వేసిన ఓటుకు మూడో వంతుకన్నా తక్కువ, హాల్లో కూర్చున్న కార్యకర్తలకు మిగతాదంతా. నెవాడా మరీ విచిత్రం. రాష్ట్రం చట్టప్రకారం ఫిబ్రవరి 6న ప్రైమరీ పెట్టింది. రిపబ్లికన్ పార్టీ దాన్ని పట్టించుకోక ఫిబ్రవరి 8న సొంత కాకస్ పెట్టుకుంది. ప్రైమరీలో నికీ హేలీ నిలబడ్డారు, కాకస్‌లో డొనాల్డ్ ట్రంప్. వీరెవరూ వద్దు అన్న గడి హేలీని ఓడించింది. ప్రతినిధులు మాత్రం కాకస్‌లోనే ఉన్నారు.

మిషిగన్‌లోనే ఆ ఫిబ్రవరి 27న మరొకటి జరిగింది. గాజా యుద్ధం విషయంలో బైడెన్ విధానం నచ్చని ఓటర్లు, ముఖ్యంగా అరబ్ కుటుంబాలు ఎక్కువగా ఉండే డియర్‌బోర్న్ లాంటి చోట, ఎవరికీ కట్టుబడం అన్న గడికి లక్షకు పైగా ఓట్లు వేశారు. ఆ సంఖ్య దేశమంతా మారుమోగింది. అంతకు పదహారేళ్ల ముందు అదే రాష్ట్రంలో అదే గడికి రెండింతలకు మించి ఓట్లు పడ్డాయి. అప్పుడు వాటిని ఏం చేయాలో తెలియక హోటల్ గదిలో పంచుకున్నారు. ఈసారి తేదీకి పార్టీ గుర్తింపు ఉంది గనుక ఆ ఓట్లు నిరసనగానే లెక్కకు వచ్చాయి, ఇద్దరు ప్రతినిధులు వాటి పేరు మీదే మహాసభకు వెళ్లారు. తేదీ అంటే గొంతు అని నేను అనేది ఇందుకే.

దీనికి మందు లేదా అంటే, ఆలోచనలు చాలానే ఉన్నాయి. రాష్ట్రాల ఎన్నికల అధికారుల జాతీయ సంఘం 1990ల చివర్లోనే ఒక పథకం ముందుకు తెచ్చింది. దేశాన్ని నాలుగు ప్రాంతాలుగా చేసి, నెలకొక ప్రాంతం ఓటేసి, మొదటి వంతు నాలుగేళ్లకోసారి మారుతూ రావాలి. అంతకన్నా న్యాయంగా ఉన్నది నాకు కనబడలేదు. అమలు కావాలంటే రెండు జాతీయ పార్టీలూ, యాభై శాసనసభలూ ఒక్క మాట మీదికి రావాలి. ముందున్న రాష్ట్రాలు తమ చోటు వదులుకోవు, గెలుపు మీద కన్నున్న నాయకుడు తనకు అచ్చొచ్చిన వరసను మార్చనివ్వడు. కాంగ్రెస్ చట్టం చేసి అందరి మీదా పెట్టగలదా అన్నది న్యాయపండితుల మధ్య ఇంకా నలుగుతున్న ప్రశ్న.

అంతదాకా ఆగనక్కరలేకుండా ఇప్పుడే చేయగలిగినవి రెండున్నాయి. శిక్ష తప్పదనుకుంటే, ముందు మహాసభలో పదవిని బట్టి కుర్చీ దక్కే రాష్ట్ర పార్టీ నాయకుల మీద వేయాలి, ఓటర్లు ఎన్నుకున్న ప్రతినిధులను ముట్టుకోకూడదు. ఫ్లోరిడాలోలాగా అవతలి పార్టీ తేదీ మార్చినప్పుడు ఇదీ పూర్తి న్యాయం కాదని నాకు తెలుసు. అయినా తప్పులో ఏ పాత్రా లేనివాడి ఓటును చింపడంకన్నా మేలు. రెండోది, క్యాలెండరు, శిక్షలు, మినహాయింపులు అన్నీ అభ్యర్థులెవరో తెలియకముందే, కనీసం రెండేళ్ల ముందు ముగించి తలుపు వేసేయాలి. తర్వాత ఏ మే నెలలోనూ ఆ తలుపు మళ్లీ తెరవకూడదు.

న్యూజెర్సీలో అమెరికా పౌరసత్వం తీసుకుని ఓటు హక్కు పొందిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా ప్రసంగాలు ఇంటర్నెట్‌లో వినే శ్రోతల్లోనూ వాళ్లున్నారు. ఆ రాష్ట్రం 2008లో ప్రైమరీని ఫిబ్రవరి 5కు తెచ్చింది. అధ్యక్ష ప్రైమరీ ఒకసారి, మిగతా పదవులకు జూన్‌లో మరోసారి అంటే రెండు ఎన్నికల ఖర్చు. 2012 నాటికి మళ్లీ జూన్‌కే వెళ్లిపోయింది. ఖర్చు తగ్గిన మాట నిజమే. కానీ జూన్ నాటికి అభ్యర్థి ఎవరో సాధారణంగా తేలిపోయి ఉంటుంది. అక్కడి ఎడిసన్‌లో ఓటేసే మన అక్కకో అన్నయ్యకో ఆ రోజు బ్యాలట్ మీద మిగిలేది ఇతరులు ఎంచిన పేరు. ఆ ఖర్చు పెట్టి ఆ గొంతు తెచ్చుకోవాలా వద్దా అన్నది ట్రెంటన్‌లోని శాసనసభ తేల్చాలి, ఆ సభ్యులను ఎన్నుకునేది వాళ్లే. ఈసారి ఓటు అడగడానికి వచ్చిన శాసనసభ్యుడిని, మా ప్రైమరీ తేదీ మీద మీ అభిప్రాయం ఏమిటని అడిగి చూడండి.